నా కింద పనిచేసిన గురువు

తడి ప్లాస్టర్‌కి ఒక వాసన ఉంటుంది. ఎండిన సున్నపు గోడ మీద నీళ్లు చల్లితే వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది కానీ కాస్త వెచ్చన, గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుంది మరి. ఇప్పుడు మా సెంటర్‌లో దాని వాడకం బాగా తగ్గింది. మొన్న చాలా రోజుల తర్వాత ఒక పెద్దావిడ కాలికి అచ్చు తీయడానికి ప్లాస్టర్ కట్టుబట్టను నీళ్లలో ముంచి పిండాను. ఆ వాసన తగలగానే నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి గానీ, మనసు మాత్రం విజయవాడ పటమటలో ఒక రేకుల షెడ్డుకి వెళ్లిపోయింది. మోచేతుల దాకా తెల్లటి పొడి అంటుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో ఒక అచ్చును పసిబిడ్డలా పెట్టుకుని ఆకురాయితో నెమ్మదిగా అరగదీస్తున్న మస్తాన్ వలీ గారు కనిపించారు.

నేను కృత్రిమ కాళ్లు తయారుచేస్తాను. మాది మైలవరం. ఆ పని నేర్పే చదువు పూర్తిచేసి, ఇరవై మూడేళ్లకి పటమటలోని ఒక ట్రస్టు సెంటర్‌లో ఉద్యోగానికి చేరాను. మేనేజర్ ప్రభాకర్ గారు నన్ను షెడ్డులోకి తీసుకెళ్లి, అక్కడున్న నలుగురు పనివాళ్లకి చూపించి, "ఇకనుంచి వర్క్‌షాపు ఇన్‌ఛార్జి శైలజ గారే, ఈవిడ చెప్పినట్టు చేయండి" అన్నారు. ఆ నలుగురిలో పెద్దవారు మస్తాన్ గారు. అరవైకి దగ్గర పడ్డారు. వన్‌టౌన్‌లో వాళ్ల నాన్నది చెప్పుల దుకాణం. పోలియో వచ్చిన పిల్లలకి బూట్లు కుట్టడానికని కుర్రతనంలో ఈ సెంటర్‌కి వచ్చి, కాళ్లు చేయడం నేర్చుకుని ఇక్కడే ఉండిపోయారట. నేను పుట్టకముందే మొదలైన అనుభవం ఆయనది. అలాంటి మనిషి లేచి నిలబడి, "రండి మేడమ్ గారూ" అని తన స్టూలు పొడిగుడ్డతో తుడిచి నా ముందు పెట్టారు. ఆ మర్యాద చూసి నేను నేర్చుకోవలసింది పోయి, ఇంకాస్త బిగుసుకున్నాను. చిన్నదాన్నని అలుసైపోతానేమోనని భయం.

మొదటి వారంలోనే ఆ భయం నాచేత ఒక తప్పు చేయించింది. ఒక ఆటో డ్రైవర్‌కి మోకాలి కింద తెగిన కాలిని మస్తాన్ గారు కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతున్నారు. నేను ఆ పేషెంటు ఎదుటే, "అలా చేత్తో చూస్తే కొలతలు రావండీ, టేపుతో తీసి కాగితం మీద రాయాలి" అన్నాను. ఆయన టేపు నా చేతికిచ్చారు. ఆయన తీసిన అచ్చును పక్కన పడేసి, నా కొలతలతో నేనే మరొకటి చేశాను. పది రోజులకి ఆ డ్రైవర్ ఎముక మీద ఎర్రగా కమిలిన మచ్చతో తిరిగొచ్చాడు. షెడ్డంతా నా వైపు చూస్తున్నట్టు అనిపించింది. మస్తాన్ గారు నన్ను సామాన్ల గదిలోకి పిలిచారు. ఇక చీవాట్లు తప్పవనుకున్నాను.

"మీ కొలతల్లో తప్పేం లేదమ్మా" అన్నారు ఆయన. "కాకపోతే కూర్చోబెట్టి తీసుకున్నాం. లేచి బరువు మోపినప్పుడు కండ పక్కకి జరుగుద్ది. అప్పుడు ఆ ఎముక దగ్గర ఎంత ఖాళీ వదలాలో మీ పుస్తకంలో ఉండే ఉంటది. చూసి నాక్కూడా చెప్పండి. నాకు చేత్తో తెలుసుగానీ ఎందుకో తెలీదు."

పుస్తకంలో ఉంది. పరీక్షకు చదివి, రాసి, మర్చిపోయిన పేజీ అది. మర్నాడు ఆయనకు చదివి వినిపించాను. అప్పటినుంచి రోజూ భోజనాలయ్యాక ఒక పది నిమిషాలు మాకు పాఠం. ఆయన ఒక పొడుగు నోట్‌బుక్కులో ఎముకల, కండరాల బొమ్మలు గీసుకునేవారు. పేర్లు మాత్రం తనకు నోరు తిరిగినట్టు తెలుగులో రాసుకునేవారు. ఒక్కోసారి నాకు జవాబు తెలియని ప్రశ్నలు అడిగేవారు. "లేని కాలు దురద పెడుతోందంటారు చూడండి, అది నిజంగానా, మనసులోనా?" అని అడిగిన రోజు, ఇంటికెళ్లి పాత పుస్తకాలన్నీ దులిపాను. కాలేజీలో నేను పాసయ్యాను. చదవడం మాత్రం ఆ షెడ్డులోనే మొదలుపెట్టాను.

ఇంత చెప్పినా, మా మధ్య ఒక ముల్లు ఉండేది. నేను పిలిస్తే ఆయన చాలాసార్లు పలికేవారు కాదు. రెండు మిల్లీమీటర్లు తీయమంటే మూడు తీసేవారు. అచ్చు పక్కన పెట్టమంటే ఓవెన్‌లో ప్లాస్టిక్ షీటు పెట్టేవారు. "పెద్దాయనకి మన మాటంటే లెక్క లేదు మేడమ్" అని మిగతావాళ్లు నాతో అనేవారు. ఎదురుగా ఎంత మర్యాదగా ఉన్నా, ఒక ఆడపిల్ల మాట వినడం ఆయనకు కష్టంగా ఉందని నేనూ నమ్మేశాను. ఆ కోపాన్ని నెలల తరబడి లోపల దాచుకున్నాను.

ఆ చలికాలంలోనే సాంబయ్య గారి సంగతి వచ్చింది. ఆయన ఉయ్యూరు అవతల ఒక ఊళ్లో రైతు. షుగరు వల్ల మోకాలి కింద కాలు తీసేశారు. మేమిద్దరం శ్రద్ధపెట్టి చేసిన కాలు ఆయనది. ఎప్పుడు ఫోన్ చేసినా "బాగుందండీ" అనేవారు. కానీ చూపించుకోవడానికి రెండుసార్లు వచ్చినప్పుడూ చంక కర్రలతోనే వచ్చారు. సంచిలో తెచ్చిన కాలు కొత్తగా, గీత కూడా పడకుండా ఉంది. కొలతలు మళ్లీ చూశాను, అంతా సరిగ్గానే ఉంది. పాదం బురదలో జారుతోందేమోనని మస్తాన్ గారి అనుమానం. లోపల ఒరుసుకుంటోందేమోనని నా అనుమానం. ఎవరి మాట మీద వాళ్లం నిలబడ్డాం. చివరికి ఆయనే, "మన వాదన మనకెందుకమ్మా, ఒకసారి వెళ్లి చూసొద్దాం" అన్నారు. ఒక శనివారం బందరు బస్సెక్కాం.

మేం వెళ్లేసరికి ఆ కాలు వసారాలో గోడకు కొట్టిన మేకుకి వేలాడుతోంది. సాంబయ్య గారు సిగ్గుపడి ఏదో చెప్పబోయారు గానీ, ఆయన భార్య కోటమ్మ గారు ఆగలేదు. "నొప్పి లేదు, ఏం లేదమ్మా. అది కిర్రుమంటది. ఈయన బజార్న నడుస్తుంటే అందరూ వెనక్కి తిరిగి చూస్తన్నారని తీసి అక్కడ పెట్టాడు" అని చెప్పేశారు. కాలు తొడుక్కుని నడవమన్నాం. అడుగు వేసినప్పుడల్లా నూనె లేని తలుపులా కిర్రుమంటోంది. మా షెడ్డులో మిషన్ల గోలలో నాకు అది వినిపించనే లేదు. ఆ నిశ్శబ్దమైన వీధిలో మాత్రం పక్కింటి గేదె కూడా తలెత్తి చూసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మస్తాన్ గారు మాత్రం తల ముందుకు వంచి, "ఏదీ? ఇంకోసారి నడవండి" అన్నారు. నడిచారు. "ఇంకోసారి." మళ్లీ నడిచారు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. అప్పుడు నాకు అర్థమైంది. ఆయన నా వైపు చూశారు. నాకు అర్థమైందని ఆయనకూ తెలిసిపోయింది.

నేను నేల మీద కూర్చుని, చెవి ఆనించి, ఆ చప్పుడు రబ్బరు పాదమూ పైనున్న ప్లాస్టిక్కూ ఒరుసుకునే చోట వస్తోందని వేలితో చూపించాను. ఆయన పాదం విప్పి, అంచు చెక్కి, సంచిలోంచి పల్చటి తోలు ముక్క తీసి గుండ్రంగా కోసి మధ్యలో అమర్చారు. చెప్పుల దుకాణంలో నేర్చిన చెయ్యి అది, కత్తెర ఎక్కడా ఆగలేదు. ఈసారి సాంబయ్య గారు వీధి చివరిదాకా వెళ్లొచ్చారు. చప్పుడు లేదు. మస్తాన్ గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇంకోసారి ఏదన్నా ఐతే మాకు చెప్పండి. కాలు పెట్టుకోడానికి సిగ్గేంటండీ? చూసేవాళ్లు రెండ్రోజులు చూసి మానేస్తారు" అన్నారు.

తిరుగు బస్సులో ఆయనే ముందు మాట్లాడారు. "ఎడమ చెవి పూర్తిగా పోయిందమ్మా. కుడిది కాస్త పనిచేస్తది. గ్రైండర్ పక్కనే కదా ఇన్నేళ్లూ. మీ పెదాలు చూసి సగం, ఊహించి సగం చేస్తన్నాను. మేనేజర్ గారికి తెలిస్తే ఇంట్లో కూర్చోమంటారు. పని లేకపోతే నేనేం మనిషిని?"

నాకు జాలి కలగాలి కదా, కోపం వచ్చింది. ఇన్ని నెలలు ఆయన్ని అపార్థం చేసుకున్నందుకు నా మీద నాకే వచ్చిన కోపం కావచ్చు. "చెవికి మిషను పెట్టుకోవచ్చు కదండీ?" అన్నాను. "ఈ వయసులో అందరిలో ఏం బావుంటదమ్మా" అన్నారు. "సాంబయ్య గారికి ఇందాక చెప్పిన మాట మీకు పనికిరాదా?" అనేశాను. ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. కంకిపాడు దాటింది, బెంజ్ సర్కిల్ వచ్చింది. ఆయన దిగి వెళ్లిపోయారు.

సోమవారం ఆయన పనికి రాలేదు. మంగళవారమూ రాలేదు. తండ్రి వయసున్న మనిషిని అంత మాట అన్నానేమిటని నాకు అన్నం సహించలేదు. బుధవారం పొద్దున ఆయన వచ్చారు, రెండు చెవులకీ మిషన్లతో. గుమ్మంలో నిలబడి, "అబ్బ, మన షెడ్డులో ఇంత గోలుంటదా!" అన్నారు. తర్వాత నేను మాట్లాడగానే ఉలిక్కిపడి, "మెల్లగా చెప్పండమ్మా, మీది ఇంత పెద్ద గొంతని తెలీదు" అని నవ్వారు. పిలిచి పిలిచి నాకు అరవడం అలవాటైపోయింది మరి.

అక్కడినుంచి నేరుగా ప్రభాకర్ గారి గదికి వెళ్లి తన సంగతి అంతా తానే చెప్పారు. ప్రభాకర్ గారు పెన్ను తిప్పుతూ, "మిషన్ల మధ్య పని కదా మస్తాన్ గారూ, రేపు ఏదన్నా జరిగితే ఎలా?" అన్నారు. వెనకే వెళ్లిన నేను కల్పించుకున్నాను. "గ్రైండర్ దగ్గర వేరేవాళ్లని పెడదామండీ. అచ్చులు ఆయనే చూస్తారు. నేను ఎదురుగా నిలబడి మాట్లాడతాను. ఆయన్ని పంపేస్తే సగం పని నాకు చేతకాదు." ఆ మాట పైకి అనడం నాకు అదే మొదటిసారి. మస్తాన్ గారు తన ఉద్యోగం గురించి ఇంకేమీ అడగలేదు. "గ్రైండర్ మీద ఎవరు కూర్చున్నా చెవులకి పెట్టుకునే కప్పులు తెప్పించండి సార్, వీళ్లకైనా నాలాగ కాకూడదు" అని మాత్రం అన్నారు. వారంలో అవి వచ్చాయి. ఆయన ఆ తర్వాత మరో ఏడేళ్లు మాతో పనిచేశారు. పని మానేశాక కూడా, చనిపోయే ఏడాది వరకూ, తోచనప్పుడల్లా వచ్చి కూర్చునేవారు.

ఇప్పుడు నాకు నలభై ఐదు. రెండేళ్ల క్రితం మా సెంటర్‌కి స్కానర్ వచ్చింది, దాంతోపాటు దాన్ని నడిపే కుర్రాడు నిఖిల్ వచ్చాడు. కాలి చుట్టూ ఒకసారి తిప్పితే చాలు, తెర మీద దాని రూపం వచ్చేస్తుంది. ఆ తెర మీద పని నాకు రాదు. రాదని ఎవరికీ తెలియనివ్వకుండా చాలా కాలం నెట్టుకొచ్చాను. "నువ్వే చూసేయ్ నిఖిల్, నాకు వేరే పనుంది" అని తప్పించుకునేదాన్ని. నేను చేస్తున్నదేమిటో నాకు తెలుసు. తెలిసి కూడా మానుకోవడానికి ఇంతకాలం పట్టింది.

పోయిన వారం కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాను. "ఇది నాకు బొత్తిగా రాదు నిఖిల్. మొదటినుంచి నేర్పు" అన్నాను. అతను నమ్మలేనట్టు చూశాడు. తర్వాత గంటసేపు ఓపిగ్గా చూపించాడు. నేను తప్పు నొక్కినప్పుడల్లా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ నా చేతే చేయించాడు. అంతా అయ్యాక లేవబోతుంటే, కాస్త తటపటాయించి, "మేడమ్, నేనూ ఒకటి అడగనా? పేషెంటు కాలు పట్టుకోవాలంటే నాకు భయం. నొప్పి పెడతానేమోనని. అందుకే ఎప్పుడూ తెర వెనకే ఉంటాను" అన్నాడు. రెండేళ్లు అతను అది దాచుకున్నాడు. నేను నాది దాచుకున్నంత కాలమూ అతనికి చెప్పే దారి లేకపోయింది.

బయట బెంచీ మీద గన్నవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఎదురుచూస్తున్నాడు. "చేతులు కడుక్కుని రా" అన్నాను నిఖిల్‌తో. "ఇద్దరం కలిసి చూద్దాం."