మెషిన్ రూం గెలిచిన వాదన

ఆ లిఫ్టు మెకానిక్‌కి పొద్దున్నే లేచి పళ్లు తోముకోకముందే ఎవరో ఒకరి మీద కోపం రావాలి. రాలేదంటే ఆ రోజు ఒంట్లో బాగోలేదన్నమాట. అలాంటి మనిషికి దినపత్రిక వాళ్లు ఫోనులో ప్రతి వార్త కిందా "మీ స్పందన రాయండి" అని ఒక గడి పెట్టారు. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికింది.

మిగతా వార్తలు అతనికి పట్టవు. సైన్సు, కొత్త యంత్రాలు, ఫోన్లు, ఇవే. చంద్రుడి మీద నీళ్లున్నాయట అని రాస్తే, "ముందు మా మూడో అంతస్తుకి ఎక్కించండి, తర్వాత చంద్రుడి సంగతి చూద్దాం" అనేవాడు. వంట చేసే మరమనిషి వచ్చిందంటే, "గిన్నెలెవరు తోముతారో అది రాయండయ్యా" అనేవాడు. జనం నవ్వుకుని బొటనవేళ్లు ఎత్తేవారు. భవనాల నెత్తిన మోటారు పక్కన, గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ రాసేవాడు కాబట్టి అక్కడ తన పేరు 'మెషిన్ రూం' అని పెట్టుకున్నాడు. తోటి మెకానిక్కులు మాత్రం 'సంపాదకుడు' అని పిలిచేవారు. పైకి కసురుకునేవాడు గానీ లోపల ఆ పిలుపంటే ఇష్టమే.

మనుషుల గుట్టు కూపీ లాగే యంత్రాల ఊసెత్తితే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. కొత్తరకం లిఫ్టులు అతను తలుపు ఎప్పుడు తెరిచాడో, లోపల ఎంతసేపున్నాడో కంపెనీకి తామే చెప్పేస్తున్నాయి. "నా పెళ్లాం కూడా ఇన్ని ఆరాలు తియ్యదు," అనేవాడు. ఫోను కెమెరా మీద ఎప్పుడూ టేపు ముక్క ఉండేది. కొట్లో బిల్లు రాసే అమ్మాయి నంబరడిగితే, "ఉప్పు కొంటే నంబరెందుకమ్మా? ఉప్పు నాకు ఫోన్ చేస్తుందా?" అని నిలదీసేవాడు. ఒట్టి వాగుడు మనిషి కాదు. వార్త చివరిదాకా చదివేవాడు, అర్థం కాకపోతే మళ్లీ చదివేవాడు. చెప్పేవాటిలో చాలామట్టుకు నిజాలే. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇతగాడి ఇంట్లోనూ ఒక గుట్టుంది. భార్య చిన్నపిల్లల బడిలో టీచరు. ఇంకా ముక్కు చీదుకోవడం కూడా రాని పిల్లలకి అక్షరాలు దిద్దిస్తుంది. ఆవిడకి ఒక్కతే ఆడపిల్ల పుట్టి, నెల తిరక్కుండానే పోయింది. ఆ తర్వాత ఆవిడ మనసు చెదిరింది. ఆసుపత్రిలో పెట్టాల్సివచ్చింది. కన్నతల్లికి కూడా కామెర్లని చెప్పారు. బాగుపడింది, నిక్షేపంలా బాగుపడింది. రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుంటుంది, పొద్దున్నే చీర కుచ్చిళ్లు సర్దుకుని బడికి పోతుంది. ఉద్యోగంలో చేరేముందు మొగుడి చెయ్యి పట్టుకుని, "ఏవండీ, ఇది మీరూ నేనూ డాక్టరుగారూ. నాలుగో చెవికి పోకూడదు. తెలిస్తే పిల్లల్ని నా దగ్గరికి రానివ్వరు," అంది. "నీకెందుకే, నేనున్నాగా," అన్నాడతను. అన్నమాట ప్రకారం ఏళ్లతరబడి ఆ సంగతి అన్నదమ్ముల దగ్గర కూడా పొక్కనివ్వలేదు. అతని గురించి ఈ మంచిమాట చెప్పకపోతే మనకి పాపం తగులుతుంది.

ఇలా ఉండగా ఒకరోజు వార్త వచ్చింది. మందులు వేసుకునే వేళ గుర్తుచేసే ఒక యాప్, ఎవరు ఏ మాత్ర మింగుతున్నారో బీమా కంపెనీలకి అమ్ముకుంటోందట. దాని కింద 'నిర్భయుడు' అనే మహానుభావుడు రాశాడు: "తప్పు చేయనివాడికి దాపరికం దేనికి? నాకు షుగరుంది. ఊరంతా టముకు వేసుకోండి, నాకేం?"

ఈ నిర్భయుడితో మన మెకానిక్‌కి ఏళ్ల వైరం. ముఖం చూసింది లేదు, గొంతు విన్నది లేదు, అయినా దాయాదుల్ని మించిన పగ. ఎన్ని రాసినా అవతలివాడు అదే పాట పాడేవాడు. ఆ రోజు ఒక ఎత్తైన భవనంలో లిఫ్టు బ్రేకు సరిచేసి, మోటారు పక్కన కూర్చుని, మెకానిక్ జవాబు మొదలుపెట్టాడు. ఎప్పుడూ వెతుక్కోవాల్సిన మాటలు ఆ రోజు వాటంతటవే వచ్చాయి.

"నిర్భయుడు గారూ, తప్పు చేయనివాళ్లకే దాపరికం కావాలండీ. మా ఆవిడ ఏ తప్పూ చేయలేదు. బిడ్డ పోయింది. గోడలో బిడ్డ ఏడుస్తోందని గోడకి చెవి ఆనించి కూర్చునేది. ఆసుపత్రిలో ఉంచి బాగు చేయించాం. ఇప్పటికీ రోజూ మాత్ర వేసుకుంటుంది. పసిపిల్లలకి పాఠాలు చెబుతుంది, ఆవిడంటే వాళ్లకి ప్రాణం. ఈ సంగతి తెలిస్తే మీ పిల్లల్ని ఆవిడ దగ్గరికి పంపుతారా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. పంపరు. అందుకండీ దాపరికం!"

రాసి, చదువుకుని, పంపించాడు. పేరు రాయలేదు, ఊరు రాయలేదు, ఇంకేం భయం అనుకున్నాడు.

జనం విరగబడ్డారు. కళ్లు చెమర్చాయన్నారు, కడిగేశావన్నారు, నీ కాళ్లకి దండం అన్నారు. నిర్భయుడు కిక్కురుమనలేదు. ఆదివారం పత్రికలో దాన్ని 'ఈ వారం ఉత్తమ స్పందన' అని గీతల చట్రంలో అచ్చేశారు. మెకానిక్ టీకొట్టు దగ్గర నిలబడి నాలుగుసార్లు చదువుకున్నాడు. పక్కవాళ్లకి చూపించి, "ఎవడో గానీ మొనగాడు," అన్నాడు కూడా. ఆ పేపరు మాత్రం ఇంటికి తీసుకెళ్లలేదు. ఎందుకు తీసుకెళ్లలేదో తనని తాను అడగలేదు.

ఫోనులో ఆ పత్రిక పేజీ తెరిచి ఎవరి పేరు మీద నొక్కినా, వాళ్లు అంతకుముందు రాసినవన్నీ వరసగా వచ్చేస్తాయి. బడులలో వేలిముద్రల యంత్రాల వార్త కింద, వెనకటి ఏడాది, ఈయనే రాసి ఉన్నాడు: "మా ఆవిడ పనిచేసే బడిలోనూ పెట్టారు, అదే, రైలుగేటు పక్కన, గోడ మీద ఏనుగు బొమ్మ ఉన్న బడి." చిన్నచిన్న ముక్కలు కలిపితే మనిషి దొరికిపోతాడని లోకానికి పాఠం చెప్పింది కూడా ఈయనే. తన లిఫ్టు పని సంగతులూ అక్కడే రాసుకున్నాడు. ఒక పిల్లవాడి తల్లి ఆ ముక్కలు కలిపింది. ఆ బడిలో ఎందరు టీచర్లని? అందులో లిఫ్టు మెకానిక్ పెళ్లాం ఎవరో ఆయాకి కూడా తెలుసు.

బుధవారం అతను పని నుంచి వచ్చేసరికి భార్య బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా ఆ ఆదివారం పేపరు.

"ఇది రాసింది మీరేనా?"

"ఎవరిచ్చారు నీకది?"

"పెద్ద టీచరుగారు. ఒక పిల్లవాడి తల్లి తెచ్చి చూపించిందట. నిజమేనా అమ్మా అని అడిగారు. నిజమే అన్నాను. రేపట్నుంచి ఆఫీసులో కూర్చుని ఫోన్లు చూసుకోమన్నారు. తరగతిలోకి వెళ్లద్దన్నారు."

అతను అంతెత్తున లేచాడు. "చూశావా! నేను మొత్తుకుంటున్నది ఇదే! ఒకళ్ల ఇంటి గుట్టు తవ్వడానికి వీళ్లెవరే? ఆ తల్లిని వదిలిపెట్టను. పత్రికవాళ్లకి బుద్ధుండక్కర్లా, నన్నడక్కుండా అచ్చేస్తారా? కోర్టుకీడుస్తా ఒక్కొక్కళ్లనీ!"

ఆవిడ అడ్డు చెప్పలేదు. అతని ఆవేశం చల్లారేదాకా ఆగింది.

"గోడకి చెవి ఆనించి కూర్చునేదాన్నని డాక్టరుగారికి కూడా చెప్పలేదండీ నేను. సిగ్గేసి చెప్పలేదు. మీకొక్కరికే చెప్పాను."

అతను పేపరు లాక్కోబోతే ఆవిడ దాని మీద చెయ్యి పెట్టింది.

"ఆ కంపెనీవాళ్లు డబ్బు కోసం అమ్ముకున్నారు, సరే. మీరు దేనికిచ్చేశారు?"

జవాబు అతనికి తెలుసు. ఎత్తిన బొటనవేళ్ల కోసం, నిర్భయుడి నోరు మూయించడం కోసం. ఆ మాట పెళ్లాం ముఖం చూస్తూ ఎలా చెబుతాడు? నోరా, వీపుకి దెబ్బలు తేకే అంటారు. ఇక్కడ నోరు తనది, వీపు ఆవిడది.

మర్నాడు బడికి పరిగెత్తాడు. "అమ్మా, అదంతా కల్పనండీ, వాదన కోసం అల్లాను," అని పెద్ద టీచరు ముందు చేతులు జోడించాడు. ఆవిడ చెడ్డమనిషి కాదు. "మీ ఆవిడ నా ముందు అబద్ధమాడలేదు. మీరెందుకు బాబూ ఆడతారు? నాకు ఆవిడ మీద నమ్మకం ఉంది, తల్లులకి లేదు. నేనేం చెయ్యను?" అంది. బయటికొస్తుంటే ఆటస్థలంలో పిల్లలు ఎర్ర బంతి వెనక పరిగెడుతున్నారు. ఆఫీసు గదిలో భార్య ఫోను పక్కన, కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, రాసింది చెరిపేశాడు. అచ్చయిన పేపరుని ఏం చెరుపుతాడు? దాని కింద పుట్టిన రభసనేం చెరుపుతాడు? అలాంటి మనిషికి పసిపిల్లల్ని అప్పగించవచ్చా అని ముక్కూమొహం తెలియనివాళ్లు జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు. నిర్భయుడు కూడా గొంతు సవరించుకున్నాడు: "దాచిపెట్టి పిల్లల తల్లిదండ్రుల్ని మోసం చేయడం తప్పు కాదా?" మెకానిక్ వేళ్లు ఆగలేదు. సగం జవాబు రాసేశాడు. మంచి జవాబే. బాగా వస్తోందని తోచిన క్షణంలోనే తనంటే తనకి అసహ్యం వేసి, ఫోను పనిముట్ల సంచిలోకి విసిరేశాడు.

ఆ తర్వాత ఇంట్లో కేకల్లేవు, ఏడుపుల్లేవు. వేళకి అన్నం పెడుతుంది, బట్టలు మడత పెడుతుంది, గ్యాస్ అయిపోయిందని చెబుతుంది. ఇదివరకు డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లేవారు. దారి పొడుగునా ఆవిడ తన భయాలన్నీ వరసగా చెప్పేది. నిద్ర పట్టనిది, ఉలిక్కిపడింది, పిల్లలెవరైనా గుక్కపెట్టి ఏడిస్తే గుండె ఆగినంత పనయ్యేది. ఈసారి తయారై చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటుంటే, "మీకు పనుందిగా, నేను వెళ్లొస్తాలెండి," అంది.

సాయంత్రం అతను గుమ్మంలోనే నిలబడి ఎదురుచూశాడు. ఆవిడ మెట్లెక్కి వస్తుంటే పక్కింటావిడ ఆపి, "ఎలా ఉందమ్మా ఒంట్లో?" అని అడిగింది. అందరికీ తెలిసిపోయాక అందరూ అడుగుతున్నారు.

"బాగానే ఉందండీ," అని ఆవిడ నవ్వింది.

లోపలికొచ్చి సంచి కొక్కేనికి తగిలించింది. అతను వెనకే వెళ్లి, గొంతు తగ్గించి, "డాక్టరుగారు ఏమన్నారే?" అన్నాడు.

"బాగానే ఉందండీ," అని అదే నవ్వు అతనికీ నవ్వి, వంటింట్లోకి వెళ్లింది.