చిన్నవాళ్లే ముందు మాట్లాడాలి

మా మేట్రన్ గారు పోయిన గురువారం కన్నుమూశారు. కొత్తగూడలో మా పక్క ఫ్లాటే ఆమెది. పొద్దున్నే వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, మేడం తలుపు తీస్తలేరు, జర వస్తరా" అన్నాడు. నా దగ్గరున్న తాళంచెవితో తీశాను. నిద్రలోనే పోయారు. చూడగానే తెలిసిపోయింది. అయినా నాడి పట్టుకుని చూశాను. చూడకుండా తేల్చెయ్యడం ఆమె నేర్పిన పద్ధతి కాదు.

ఆ రోజు వచ్చినవాళ్లు "పాపం, పెళ్లీ పిల్లలూ లేని ఒంటరి మనిషి" అన్నారు. "పాపం, కల్నల్ కాకుండానే రిటైరయ్యారట" అని మరొకరు. ఈ రెండు "పాపం"లనూ కొట్టివేయడానికే ఇది రాస్తున్నాను. ఆమె జాలిపడవలసిన మనిషి కాదు.

సైనిక నర్సుగా నా మొదటి పోస్టింగు ఉత్తరాదిలో ఒక కంటోన్మెంటు ఆసుపత్రి. అప్పటికి ఆమె కెప్టెన్, మా వార్డుకు పెద్ద. మేట్రన్ తర్వాత అయ్యారు. ప్రతి శనివారం డ్యూటీ మారే వేళ నర్సులందరినీ దుప్పట్లు పెట్టే గదిలో కూర్చోబెట్టేవారు. ఎవరికి ఏ డ్యూటీ, ఎవరిని ఆపరేషన్ థియేటర్ శిక్షణకు పంపమని అడగాలి, మనం చేసే ఏ పని వల్ల రోగికి ఇబ్బంది కలుగుతోంది, అన్నీ అక్కడే తేలాలి. నియమం ఒక్కటే. అందరికన్నా జూనియర్ ముందు మాట్లాడాలి, ఆమె అందరికన్నా చివర. సైనిక న్యాయస్థానంలో అభిప్రాయం అడిగేది కింది ర్యాంకు నుంచే. పెద్దవాళ్ల మాట ముందే వింటే చిన్నవాళ్లు తమ మాట మింగేస్తారు. ఆ పద్ధతినే ఆమె వార్డులోకి తెచ్చారు.

నా వంతు వచ్చిన మొదటి శనివారం, "ఆదివారాలన్నీ కొత్తవాళ్లకే పడుతున్నాయి మేడం, ఇది న్యాయం కాదు" అన్నాను. ఒక్కొక్కరే నాతో ఏకీభవించారు. ఆమె ఒప్పుకోలేదు, చాలాసేపు వాదించారు, ఓడిపోయారు. ఆ నెల ఆదివారాలు తన పేరు మీద వేసుకున్నారు. "ఓడిపోయాను లెఫ్టినెంట్. అంతమాత్రాన నీ వాదన నాకు నచ్చిందనుకోకు" అన్నారు.

ఇలా నడిపినందుకు పైవాళ్లు ఆమె మీద గుర్రుగా ఉండేవారు. "పై నుంచి వచ్చిన ఆజ్ఞ పాటిస్తాను, కింద నుంచి వచ్చిన మాట వింటాను. నాకు జీతమిచ్చేది రెండింటికీ" అనేవారు. లెఫ్టినెంట్ కల్నల్ దగ్గరే ఆగిపోయారు. అది ఓటమి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పొగడ్తలకే పరిమితమైతే లెక్క తప్పినట్టే. ఆమెకు కోపం ఎక్కువ, కూరలో ఉప్పు ఎక్కువ. లిఫ్టులో గట్టిగా ఫోను మాట్లాడేవాళ్లను మధ్యలో దింపేసేవారు. రిటైరయ్యాక కూడా గడియారం చేతికి కాకుండా నర్సులా రొమ్మున తలకిందులుగా పిన్నుతో పెట్టుకునేవారు.

రెండేళ్ల కిందట మా వీధిలో ఉండే ఒక సెక్యూరిటీ గార్డు తన కూతురిని ఆమె దగ్గరకు తీసుకొచ్చాడు. వాళ్లది జనగామ వైపు. ఆ అమ్మాయి వేరే రాష్ట్రంలో సైనిక నర్సు, కెప్టెన్. కొన్నేళ్ల ఒప్పందం మీద చేరిన ఉద్యోగం గడువుకొచ్చింది. సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూలో నెగ్గి పర్మనెంట్ అయితే మేజర్, ఆపైన ఇంకా మెట్లున్నాయి. కాకపోతే ఇంటికి రావడమే. మేట్రన్ గారి శనివారం పద్ధతి గురించి ఒక సీనియర్ దగ్గర విని, తన వార్డులోనూ మొదలుపెట్టింది. పై అధికారికి అది నచ్చలేదు.

"బోర్డు అయ్యేదాకా ఆపెయ్యమని అందరూ అంటున్నరు మేడం. ఏం జెయ్యాలె?" అని అడిగింది.

"ఉద్యోగం కోసం వాళ్ల నోళ్లు మూయించి, ఉద్యోగం వచ్చాక ఏ మొహంతో తెరవమంటావమ్మా?" అన్నారు మేట్రన్ గారు.

తండ్రి నసిగాడు. "గచ్చిబౌలిల పెద్ద దవాఖాన వాళ్లు ఎక్కువ జీతమిస్తమంటున్నరు మేడం. ఈ లొల్లి ఎందుకని..."

"జీతం సంగతి మీ అమ్మాయి అడగలేదండి."

అమ్మాయి శనివారాలు ఆపలేదు.

బోర్డు సికింద్రాబాద్‌లో పడింది. సెలవు మీద ఇంటికొచ్చి ఇక్కడినుంచే వెళ్లాలి. సరిగ్గా ఆ రోజే ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ బంద్. కొత్తగూడ చౌరస్తాలో వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, పెద్ద గిన్నెల్లో అన్నం వండుతున్నారు. యూనిఫాంలో ఉన్న కెప్టెన్‌తో మేమిద్దరం నడిచి వెళ్లాం, అవతల ఏదైనా ఆటో దొరక్కపోదా అని.

"బంద్ అని ఎరుక లేదా అమ్మా? ఎటు పోతున్నరు?" అని ఒకతను అడ్డం వచ్చాడు.

"సికింద్రాబాద్ అండి. ఈ అమ్మాయికి ఇంటర్వ్యూ ఉంది" అన్నారు మేట్రన్ గారు.

ఆ "అండి" వినగానే అతని ముఖం మారింది. "ఆంధ్రోళ్లా?"

"భీమవరం. అక్కడ పుడతావా అని నన్నెవరూ అడగలేదు."

వెనక ఆడవాళ్లు నవ్వారు. నేను వరంగల్ మనిషిని, కల్పించుకుని ఇంటర్వ్యూ సంగతీ, వార్డులో శనివారాల సంగతీ చెప్పాను. అతను కొంచెం మెత్తబడ్డాడు. "ఆటోలు లేవు పెద్దమ్మా. మన పిల్లే గద, బండి మీద దింపుతం" అని బైకు తెప్పించాడు. దానికి పార్టీ జెండా కట్టి ఉంది. కెప్టెన్ ఎక్కలేదు.

"ఏంది, తెలంగాణ బిడ్డవు కాదా?"

"తెలంగాణ బిడ్డనే అన్నా. గని ఫౌజుల ఉన్న. ఏ పార్టీ జెండా కిందా కూసోవద్దు."

"అయితే నడుసుకుంట పో!"

గొంతులు లేచాయి. ఇంటర్వ్యూ వేళ దగ్గర పడుతోంది. మేట్రన్ గారు చెయ్యి ఎత్తారు. "మీరంతా కలిసి తేల్చండి. మీలో అందరికన్నా చిన్న ఎవరు? వాళ్లు ముందు మాట్లాడాలి."

ఏమనుకున్నారో ఏమో, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉల్లిపాయలు కోస్తున్న యూనివర్సిటీ విద్యార్థిని ఒకతి కళ్లు తుడుచుకుంటూ లేచింది. "మన సంగతి మనమే చూసుకుంటమనే గద మనం రోడ్డు మీద కూసున్నం? ఆమె వార్డుల గూడ గదే అడుగుతున్నది. జెండా తీసి పంపుండ్రి."

"జెండా లేకుంటే కొండాపూర్ల మనోళ్లే ఆపి కొడ్తరు" అన్నాడు బైకతను.

"రెండో బండి తెండి. జెండా దానికి కట్టండి, దాని మీద నేను ముందు పోతాను. నేను రిటైరయ్యాను, నాకు ఏ ఆంక్షా లేదు" అన్నారు మేట్రన్ గారు.

"భీమవరం మేడం మన జెండా కింద కూసుంటదా?" అని ఎవరో ఎకసక్కెమాడారు.

"నేను కూర్చునేది బండి మీదండి. మీ జెండా మీరు ఎగరేసుకోండి."

అలా జెండా రెపరెపలాడుతున్న బండి మీద ఒక పక్కకు కూర్చుని మేట్రన్ గారు ముందు, జెండా లేని బండి మీద కెప్టెన్ వెనక బయల్దేరారు. "బండ్లు వాపస్ వచ్చేదాంక నువ్వు జామీను పెద్దమ్మా" అని నన్ను ఉల్లిపాయల దగ్గర కూర్చోబెట్టారు. ఆ పిల్లలకు ఉల్లిపాయ కోయడం రాదు. నేర్పాను.

బోర్డులో అడిగారట, "పై అధికారి వద్దంటే ఆ సమావేశాలు మానేస్తారా?" అని. "నేను మానేస్తాను సార్. మిగతా నర్సులు మానతారని మాత్రం మాటివ్వలేను" అందట.

ఎంపిక కాలేదు. ఫలితం చెప్పడానికి వచ్చిన రోజు ఏడుస్తుందేమో అనుకున్నాను. మేట్రన్ గారు ఓదార్చలేదు. "మొన్న శనివారం వార్డులో కూర్చున్నారా?" అని అడిగారు.

"కూసున్నరట మేడం. నేను లేకున్నా."

"మరి బోర్డు ఆపింది ఎవరిని?" అన్నారు. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, మొదటిసారి నవ్వింది.

ఇప్పుడు ఆమె గచ్చిబౌలిలో ఆ పెద్ద ఆసుపత్రిలోనే పనిచేస్తోంది. గురువారం కబురు అందగానే వచ్చి, బంధువుల్ని పక్కకు తప్పుకోమని, మేట్రన్ గారికి స్నానం చేయించి, చీర కట్టి, గోళ్లు శుభ్రం చేసింది. "వద్దమ్మా, మేం చేస్తాం" అని ఎవరో అంటే, "ఇది మా పని" అంది. నేను కూడా అదే అనబోయాను. జూనియర్ ముందు అంది.

నిన్న శనివారం రక్తపోటు చూపించుకోవడానికి ఆ ఆసుపత్రికే వెళ్లాను. అక్కడ నర్సుల సమావేశాలకు వీల్లేదని యాజమాన్యం ఆమెకు ముందే చెప్పిందట. పైఅంతస్తు వరండా చివర సామాన్ల గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఆమె, పెట్టెల మీద ఇద్దరు నర్సుల్ని కూర్చోబెట్టుకుని, తాను మాట్లాడకుండా వింటోంది. చాలా చిన్న వయసు అమ్మాయి మరొకతి గడప దగ్గర నిలబడి ఉంది. లోపలికి వెళ్లలేదు, వెనక్కీ వెళ్లలేదు. తలుపు అంచు గట్టిగా పట్టుకుని, ఏదో చెప్పడానికి ఊపిరి పీల్చుకుంటోంది.