నంబరుకు ముందు ఊరు

మదనపల్లెలో మా ఇంటర్నెట్ ఆఫీసు వెనక గదిలోనే కాపురముండేవాడు, మా దగ్గర వైర్ల పని చేసే పెద్దాయన. ఏ వైరు చేతికిచ్చినా ముందు "యా ఊరిదప్పా ఇది?" అని అడిగేవాడు. జవాబు చెప్పందే కనెక్షన్లు పంచే స్విచ్చి పెట్టెకు తగిలించేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది.

ఒకే వైరులో పోయే కనెక్షన్లు కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇస్తాం. పుంగనూరు, కుప్పం కూడా మా లైన్లోకి వచ్చేసరికి నంబర్లు చాల్లేదు. ఎవరో పుంగనూరు పాల డెయిరీ నంబరే కుప్పంలో ఒక బడికి ఇచ్చేశారు. రెండూ కలగాపులగమై ఆగిపోయాయి. పెద్దాయన పొద్దంతా కూర్చుని, ప్రతి నంబరుకూ ముందు ఆ ఊరికని ఇంకో నంబరు తగిలించాడు.

"ఉత్త నంబరు సాలదప్పా. ముందు ఊరుండాల," అన్నాడు. ఆ తర్వాత ఏ కనెక్షనూ ఇంకోదాంతో కలిసిపోలేదు.

మొన్న కుప్పం దారిలో స్తంభమెక్కి వైరు లాగుతుంటే కరెంటు కొట్టి పడిపోయాడు. ఆస్పత్రికి తీసుకుపోయేలోగానే ప్రాణం పోయింది. మార్చురీలో ఆయన కాలి బొటనవేలికి చీటీ కట్టారు. దాని మీద నంబరొక్కటే ఉంది.

అటెండరు పెన్ను తీసి, "యా ఊరప్పా ఈయనది?" అని అడిగాడు.

ఆఫీసు నుంచి పోయినవాళ్లలో ఆ మాట ఆయన్ని ఎప్పుడైనా అడిగినవాడు ఒక్కడూ లేడు. అటెండరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.