పులిబొమ్మ చొక్కా

మూడో అంతస్తు పెద్దమ్మ ఇల్లు తుడిచే గుడ్డ ఒక క్రికెట్ టీమ్ చొక్కా. లీగ్ మొదలైన ఏడాది ఆ టీమ్ వాళ్లు ఆమె కొడుకుని వేలంలో కొన్నారు. రెండు సీజన్లూ ఒక్క బంతి వేయనివ్వకుండా, ఆడేవాళ్లకి మంచినీళ్లు మోయించి, మూడో ఏడు పొమ్మన్నారు. అప్పట్నుంచి ఆమె రోజూ మోకాళ్ల మీద కూర్చుని, చొక్కా మడిచి, దాని ఛాతీ మీది పులిబొమ్మని నేలకేసి రుద్దుతుంది. టీవీలో ఆ టీమ్ ఓడిన పూట ఇంకో ముద్ద ఎక్కువ తింటుంది.

నిన్న వాళ్లు కప్పు గెలిచారు. పక్కింటావిడ మిఠాయి తెచ్చి, "మనవాళ్లు గెలిచారు వదినా, నోరు తీపి చేసుకో" అంది. "ఎవరికి మనవాళ్లు? మావాడి ఉసురు పోసుకున్నవాళ్లు నాకు మనవాళ్లా? ఆ డబ్బా నీ ఇంట్లోనే పెట్టుకో." "అంత కోపమైతే ఈ గుడ్డ పారెయ్యరాదూ? పులికి మూతి కూడా మిగల్లేదు. పాత తువ్వాలు నేనిస్తాలే" అంటూ ఆవిడ బకెట్లోంచి చొక్కా తీసి మడత విప్పింది. వీపు మీద కొడుకు పేరు ఒక్క అక్షరం కూడా చెరగలేదు. ఇన్నాళ్లూ ఆ వైపు లోపలికే మడిచి ఉంది. పెద్దమ్మ చటుక్కున లాక్కుని, పేరుని మళ్లీ లోపలికి మడిచింది.

"తోక ఇంకా ఉందిగా" అంటూ నేలకేసి రుద్దింది.