కంకణం కట్టిన మోడెమ్

పోయినవాటిని ముందు లెక్కేస్తాను. ఒక శుభముహూర్తం. మంగంపేట ముగ్గురాయి గనుల ఆఫీసు నుంచి శిక్షణకు వచ్చిన పదిమంది గుమాస్తాలు. వాళ్ళు చేరితే నాకు ఖాయమవుతుందన్న కంప్యూటర్లు నేర్పే ఉద్యోగం. శెట్టి ముందు నా పరువు. చివరిదాన్ని చిల్లర కింద రాసుకోవచ్చు.

కడపలో నూనె వ్యాపారం చేసే శెట్టి, అంగడి మీది గదిలో శిక్షణ కేంద్రం పెట్టాడు. బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే ఊళ్ళోకి వస్తున్న రోజులు. పది కొత్త కంప్యూటర్లు కొన్నాడు, సీడీ డ్రైవులు లేకుండా. ఉంటే పిల్లోళ్ళు పాటలు పెట్టుకుంటారట. ఆ దూరదృష్టి పుణ్యమా అని, ఆపరేటింగ్ సిస్టంను నా పాత కంప్యూటరులో ఉంచి నెట్‌వర్కు వైరు మీదుగా పదింటికీ ఎక్కించాల్సి వచ్చింది. నందికొట్కూరులో పాత మిషన్లకు అలాగే ఎక్కించాను కాబట్టి, "గంట పని" అనేశాను.

ప్రారంభం రోజు పొద్దున్నే పూజ. పురోహితుడు కంప్యూటర్లకు బొట్లు పెట్టి, బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్ దగ్గర ఆగాడు. గదిలో వెలుగుతున్నది అదొక్కటే గనుక లక్ష్మి అందులోనే ఉందని తేల్చి, మోడెమ్‌కూ దాని వైర్లకూ కలిపి కంకణం కట్టాడు. సాయంత్రం దీపం పెట్టేదాకా విప్పకూడదు. శెట్టి చేతులు జోడించి, "స్వామీ, పది మిషన్లూ లేస్తే పది టెంకాయలు కొడతా" అని మొక్కుకున్నాడు.

లేవలేదు. కొత్త మిషన్ల సెటప్‌లో నెట్‌వర్కు నుంచి లేచే ఏర్పాటునే ఆపి పెట్టి పంపారు. ఒక్కొక్కదానిలో దాన్ని ఆన్ చేశాను. ఈసారి తెర మీద అడ్రసు, అంటే నెట్‌వర్కులో ఆ మిషన్‌కు ఇచ్చే అంకెలు, వచ్చింది. వెనకే, మిషన్ లేవడానికి కావాల్సిన బూట్ ఫైల్ పేరు అందలేదన్న మాట వచ్చింది. వైర్లు మార్చాను. కంప్యూటర్లను తిట్టాను. గుమాస్తాలు బెంచీల మీద కూర్చుని, అన్నం ఉడకని పెళ్ళిలో వంటవాణ్ణి చూసినట్టు నన్ను చూశారు. చివరికి ఆ అడ్రసు అంకెలు చదివాను. అవి నా కంప్యూటరు ఇచ్చేవి కావు. నా పాత కంప్యూటరు నోరు తెరిచేలోపే మోడెమ్ అడ్రసులు పంచేస్తోంది. ఫైలు ఎక్కడుందో మాత్రం దానికి తెలియదు. నందికొట్కూరులో మోడెమ్ లేదు. నా ప్రతిభ అక్కడ వెలిగింది అందుకే.

"అన్నా, ఆ మోడెమ్ ఒక గంట ఆర్పుదాం. లేదంటే వైరన్నా పీకుదాం" అన్నాను శెట్టితో.

"ఏమప్పా, హారతి పట్టినదాన్ని యాడన్నా ఆర్పుతారా? కంకణం కండ్ల పడలేదా?"

"అదే అడ్డం పడతాండాది."

"లక్ష్మి అడ్డం పడతాండాదా! పొద్దన్నుంచి నువ్వు చేసిందేముండాది? నీ మిషన్నే ఆర్పుకో, పో."

గుమాస్తాల్లో పెద్దాయన లేచాడు. "శెట్టీ, మేం శానా రాళ్ళు చూసినాం. ఏ రాయీ ఇంతసేపు మొండికేయలేదప్పా." అందరూ నవ్వుకుంటూ మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయారు. రాజంపేటలో ఇంకెక్కడో చేరారని తర్వాత తెలిసింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో కరెంటు పోయింది. కంప్యూటర్లు, వాటిని కలిపే నెట్‌వర్కు పెట్టె కూడా బ్యాటరీ మీద ఉన్నాయి. మోడెమ్ మాత్రం దేవుడి పటం పక్కన గోడ ప్లగ్గులో ఉంది. ఎవరూ ముట్టకుండానే ఆరిపోయింది. మిషన్లను మళ్ళీ స్టార్టు చేశాను. పదీ వరసగా లేచి ఫైళ్ళు లాక్కోవడం మొదలుపెట్టాయి.

శెట్టి తెరలకేసి చూసి రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. "చూస్తివా, కంకణం మహిమ!"

ఉద్యోగం లేదన్నాడు; నేర్చుకునేవాళ్ళే లేనప్పుడు నేర్పేవాడెందుకు? పోనీ టెంకాయల సంగతి గుర్తు చేశాను.

"ఎవురూ లేనప్పుడు లేస్తే అది లేచినట్టాప్పా?"

మొక్కులో ఆ షరతు లేదు. పక్కనే నిలబడి విన్నాను. లేచినవి పది, కొట్టినవి సున్నా. దేవుడికి ఈరోజుకీ బాకీ పది టెంకాయలు.