కల్లం అంచున బావ బండి

పెట్రోల్ బంకులో ఈమధ్య స్కూటర్ మూత తీసి నాలుగడుగులు దూరం జరుగుతాను. నింపే మనిషి వింతగా చూస్తాడు. ఆ వాసన వస్తే చాలు, మా అక్క కల్లం కళ్ల ముందుకొస్తుంది.

అక్కది మోర్తాడ్ దగ్గర పసుపు సేద్యం. బావ పోయాక ఒక్కతే చేసుకుంటోంది. చెరుకు కోతలప్పుడు బావ బోధన్ వైపు తిరిగిన పాత మోటార్‌సైకిల్ ఒకటి కొట్టంలో, ఖాళీ సంచుల కింద ఏళ్ల తరబడి పడి ఉంది. నాకు నిజామాబాద్‌లో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే దుకాణం ఉంది. మోటార్లు తెలుసు కాబట్టి ఇంజన్ కూడా తెలుసనుకున్నాను. నడిపిస్తానని అక్కకు మాటిచ్చాను.

"నడిస్తే నన్ను ఎక్కించుకొని నందిపేట్ తీస్కపోవాలె, గోదారి సూడాలె. మీ బావ తీస్కపోత తీస్కపోత అనుకుంటనే పోయిండు," అంది.

మొదటి ఆదివారం కిక్ రాడ్డు కదలనే లేదు. పిస్టన్ పట్టేసింది. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో డీజిల్ పోసి వచ్చాను. మరో ఆదివారం నెమ్మదిగా తొక్కితే వదులైంది. రంధ్రం మీద బొటనవేలు అదిమి కిక్కు కొడితే లోపలి గాలి వేలిని ఎగదన్నింది. పాత ఆయిల్ దించి చూశాను, ఇనుప రజను లేదు. ఇంజన్ బతికే ఉందని అక్కకు గొప్పగా చెప్పాను. ఇక చూడాల్సింది నిప్పురవ్వ వస్తోందా లేదా అన్నదే.

అప్పటికి కల్లం నిండా ఉడికించిన పసుపు ఎండుతోంది. ఆ ఏడాది అక్క కష్టమంతా అదే. బండి దాని అంచునే ఉంది.

"తమ్మీ, బండిని రోడ్డు మీదికి నూకుకపో. పసుపు పక్కన పెట్రోలు వద్దు."

"టైర్లల్ల గాలి లేదక్కా. గింత బరువు ఎవ్వరు నూకుతరు? ఏం గాదు."

"నువ్వు ఏం గాదు అంటెనే నాకు బుగులు. చిన్నప్పుడు ఎడ్లబండిని గూడ ఏం గాదనే కాలువల దించినవ్."

నవ్వేశాను. గాలి కొట్టే పంపు కొట్టంలోనే ఉంది. బద్ధకించాను.

ట్యాంకు తుప్పు పట్టింది కాబట్టి పెట్రోలు సీసాను హ్యాండిల్‌కు కట్టి, పైపుతో కార్బురేటర్‌కు కలిపాను. ఎన్ని కిక్కులు కొట్టినా అంటుకోలేదు. ప్లగ్గు విప్పి, దాని వైరుకే తగిలించి, రవ్వ వస్తోందో చూడ్డానికి పట్టకారుతో ఇంజన్‌కు ఆనించి పట్టుకోమని అక్కకు ఇచ్చాను. అప్పటికే లోపల పెట్రోలు నిండి ఉంటుందని, ఆ రంధ్రం పక్కన నిప్పు పుట్టించకూడదని నాకు తట్టలేదు. గట్టిగా తన్నాను.

రంధ్రంలోంచి పెట్రోలు పొగమంచులా చిమ్మింది. బుస్సుమని మంట లేచింది.

నేను ఉరికాను. అక్కను లాగలేదు, అరవలేదు, ఉరికాను. నా మోకాలు తగిలి సీసా తెగిపడింది. బాట దగ్గరికి చేరాక వెనక్కి తిరిగితే మంట నేల మీద పసుపు వైపు పాకుతోంది. పొగలో అక్క కనిపించడం లేదు. నేను బాట మీదే నిలబడిపోయాను.

"మన్ను పొయ్యిరా! నిలబడి సూస్తవేంది?"

ఆ కేకతో కదిలాను. పసుపు ఉడికేటప్పుడు పైన కప్పే గోనె సంచులు డ్రమ్ములో నానుతున్నాయి. అక్క వాటిని లాగి మంట మీద పరుస్తోంది. నేను దోసిళ్లతో మట్టి పోశాను. మంట చచ్చాక చూస్తే ఆమె మణికట్టు కమిలిపోయింది, కొంగు అంచు నల్లబడింది. ఆమె మాత్రం పసుపునే చూస్తోంది. అంచున ఉన్న కొమ్ములకు పెట్రోలు తగిలింది.

"బేరగాడు పిడికెడు తీసి వాసన సూస్తడు. ఒక్క కొమ్ము కంపు కొట్టినా కుప్పంత వద్దంటడు," అంది.

ఆమె చేతికి మందు రాసి ఇద్దరం కూర్చున్నాం. ఆ అంచున ఒక్కొక్క కొమ్మునూ ముక్కు దగ్గర పెట్టుకుని ఏరాం. కాసేపటికి నాకు అన్నీ పెట్రోలే అనిపించాయి. ఒక్కటి తప్పిపోయినా అక్క ఏడాది పోతుందని అనుమానం వచ్చినవన్నీ పక్కన పడేశాను.

"అక్కా, సీసా మంటకు పడలే. నేను ఉరుకుతుంటే కాలు తగిలింది."

ఏరుతూనే అంది అక్క, "ఎరుకే. నీ ఎనుకనే ఉన్న గద." నేను పక్కన పడేసిన కొమ్మును వాసన చూసి కుప్పలో వేసింది. "గిది మంచిదేరా."

పసుపు అమ్ముడుపోయింది. ఆమె మణికట్టు మీద మచ్చ మిగిలింది. టైర్లలో గాలి కొట్టి బండిని రోడ్డు మీదికి నేనొక్కణ్నే నూకాను. అనుకున్నంత బరువేమీ లేదు. ప్లగ్గు బిగించాను, సీసాను మళ్లీ హ్యాండిల్‌కు కట్టి కొత్త పైపు వేశాను.

పోయిన ఆదివారం కిక్ రాడ్డు మీద కాలు పెట్టాను. అక్క తడి సంచి పట్టుకుని పక్కనే నిలబడింది.

"తన్నురా. ఈసారి ఉరికితె ఆ సీసను గూడ ఎంబడి తీస్కపో."

నవ్వుదామనుకున్నాను కానీ, "నువ్వు దూరం జరుగు అక్కా" అన్నాను. ఆమె జరగలేదు. కిక్ రాడ్డు మీద ఉన్న నా కాలు కిందికి రాలేదు.