తుమ్మచెట్టు సాక్ష్యం

డిసెంబరు పొద్దున్నే బందరు బస్టాండు పక్క మిఠాయి కొట్టులో బెల్లం పాకం ఉడుకుతుంటే ముందు నా ముక్కు వెళ్తుంది, దాని వెనక నేను వెళ్తాను. నాకు షుగరుందని డాక్టరు ముక్కుకి చెప్పలేదు మరి. కళ్ళు మూసుకుంటే కోడూరు అవతల మా పల్లె, కోతలైన చేలల్లో మంచు, సముద్రం వైపునుంచి వచ్చే ఉప్పుగాలి, ఇంటింటా క్రిస్మస్ అరిసెలు, నక్షత్రానికి రంగుకాగితాలు అంటించమని ఇచ్చిన మైదా జిగురులో సగం తినేసిన మేమూ కనిపిస్తాం.

మాది తాటాకు చర్చి. ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు చాపల మీద కూర్చునేవాళ్ళు. పాటలయ్యాక సాక్ష్యాలు. దేవుడు ఎవరికి ఏ అడ్డు తొలగించాడో వాళ్ళు లేచి చెప్పాలి, మిగతావాళ్ళు "స్తోత్రం" అనాలి. ఒకరికి జ్వరం తగ్గేది, ఒకరికి గేదె సుఖంగా ఈనేది, మా నాన్న మాత్రం ప్రతి ఆదివారం లేచి సారా మానేశానని చెప్పేవాడు. ఏడాదికి యాభైరెండుసార్లు సారా మానిన మనిషి మా జిల్లాలో ఆయనొక్కడే.

అందరికంటే గొప్ప సాక్ష్యం సువార్తమ్మ పెద్దమ్మది. వరసకి అమ్మకి అక్క. ఉప్పెనలో ఇల్లు, మొగుడు, నాలుగేళ్ళ కూతురు కొట్టుకుపోగా ఆమె ఒక్కత్తే మిగిలింది. జాకెట్టు చేతులు పైకి లాగి, తుమ్మముళ్ళు దిగిన మచ్చలు చూపిస్తూ, "ఎర్రసముద్రాన్ని చీల్చి ఇశ్రాయేలీయుల్ని దాటించిన దేవుడు నాకు తుమ్మచెట్టై నిలబడ్డాడండీ, నా బిడ్డని మాత్రం తన దగ్గరికి పిలుచుకున్నాడు" అనేది. పదేళ్ళుగా అవే మాటలు, అదే చోట గొంతు పూడటం. ఆ నాలుగు మాటలు పట్టుకునే ఆమె ఒక ఆదివారం నుంచి మరో ఆదివారానికి ఈదేదని పెద్దవాళ్ళకి తెలుసు. మాకు మాత్రం ఎక్కడ గొంతు పూడుతుందో కూడా కంఠతా వచ్చేసి, నవ్వు ఆపుకోలేక ఒకరి తొడ ఒకరు గిల్లుకునేవాళ్ళం.

నేను ఏడో తరగతి రెండోసారి తప్పి బడి మానేసిన ఏడాది, క్రిస్మస్ పందిట్లో మోషే నాటకం వేయించారు పాస్టరు అయ్యగారు. నన్ను ఎగాదిగా చూసి, "నీ నోటికి ఫరోయే సరిపోతాడురా" అన్నారు. ఆడవాళ్ళిచ్చిన నీలం చీరలు రెండు చెరో పక్క పట్టుకుని ఊపితే అదే ఎర్రసముద్రం. మోషే జనంతో దాటాడు, వెనక తరుముకొచ్చే రాజుని నేను కాబట్టి చీరలు నా మీద పడ్డాయి, నేను ఊరికే మునిగి చచ్చిపోవాలి. చావటానికి మనసొప్పక పందిరి రాటని కావలించుకుని, గొంతు పూడ్చి, అచ్చం పెద్దమ్మలా కేకపెట్టాను.

"ప్రభువా, తుమ్మచెట్టు! నన్నొక్కదాన్నే లాగు ప్రభువా, వెనకున్నోళ్ళు ఏమైతే నాకేంటి!"

పందిరి పందిరంతా నవ్వింది. అయ్యగారు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ముందు చాప మీద కూర్చున్న పెద్దమ్మ కూడా అందరినీ చూసి పళ్ళు బయటపెట్టింది, తరవాత జాకెట్టు చేతులు కిందకి లాక్కుంది.

మరుసటి ఆదివారం అయ్యగారు, "సువార్తమ్మా, లేమ్మా" అన్నారు.

"నాకేం లేదండీ. ఇంకెవరన్నా చెప్పండి."

ఇంటికి రాగానే అమ్మ నా చెవి మెలిపెట్టి ఈడ్చుకెళ్ళింది. పెద్దమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఎదవకి బుద్ధి లేదక్కా, మనసులో పెట్టుకోకు. చెప్పరా!"

"తప్పయింది పెద్దమ్మా."

"తప్పేముందిలే, ఆ రాత్రి అక్కడుండి చూసినట్టే చేశాడు" అంది పెద్దమ్మ, చేట ఆపకుండా. తరవాత నా వైపు తిరిగి, "చెట్టు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలిరా. నా ఒక చేతిలో పిల్ల ఉంది" అంది.

అమ్మ నా చెవి వదిలేసింది. పెద్దమ్మ రాళ్ళు ఏరి పక్కన పారేసి మళ్ళీ చెరగసాగింది.

ఆ మాటతో నేను మారిపోయానని రాస్తే బాగుంటుంది. సాయంత్రం కాలవగట్టు మీద పిల్లలు అడిగితే మళ్ళీ చేశాను, ఈసారి ఒక చెయ్యి విదిలించుకుని చెట్టు పట్టుకునే ముక్క కూడా కలిపి. ఇంకా ఎక్కువ నవ్వారు.

పెద్దమ్మ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. ఒక్క ఆదివారం మానలేదు, ఒక్క ఆదివారం లేచి నిలబడలేదు. ఇంకొకళ్ళ గేదె ఈనితే "స్తోత్రం" అనేది.

తాటాకు చర్చి పోయి శ్లాబు పడింది, చాపలు పోయి కుర్చీలొచ్చాయి, ఉప్పెన నీళ్ళు కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కొక్కరే మట్టిలో కలిశారు. పోయిన క్రిస్మస్‌కి ఊరెళ్తే మోషే నాటకమే వేస్తున్నారు. ఎనిమిదేళ్ళ ఫరో స్తంభం దగ్గరికి పరిగెత్తాడు, ఒక చెయ్యి గట్టిగా విదిలించాడు, రెండు చేతులా స్తంభాన్ని వాటేసుకుని ఆడగొంతుతో కేకపెట్టాడు. జనం పడీపడీ నవ్వారు. నాటకం అయ్యాక వాణ్ణి పక్కకి పిలిచి, ఆ చెయ్యి విదిలించటం ఎవరు నేర్పార్రా అని అడిగాను.

"ఎవరో నేర్పేదేంటి తాతా? ఫరో అంటే అలాగే కదా చేస్తాడు!"